అడ్డాలమ్మ కాళ్ళు చాపిన వీధి

ఇసుకమెట్ట పట్టణంలో పాత బస్సుస్టాండు దగ్గర దిగి తూర్పుగా నడిస్తే, మందుల దుకాణం దాటగానే నేతవీధి మొదలవుతుంది. అక్కడి నుంచి భక్తులు కాలినడకనే రావాలి. కారులో వచ్చినవారు కారును, ఆటోలో వచ్చినవారు ఆటోను వీధి మొగలోనే విడిచిపెట్టాలి. ఈ నియమం నుంచి ఇంతవరకు ఎవరికీ మినహాయింపు లేదు. నడవలేని వృద్ధులను వీధివారే కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొస్తారు. అందుకు ముందుగా కబురు చేయనక్కరలేదు.

శ్రీ అడ్డాలమ్మ తల్లికి గోపురం లేదు, ప్రాకారం లేదు. వీధికి నడిమధ్యన నాలుగు రాతి స్తంభాలు, వాటి మీద ఒక పెంకుల కప్పు. దాని కింద అమ్మవారు నేలమీద కూర్చుని, రెండు కాళ్ళూ ముందుకు చాపుకొని దర్శనమిస్తుంది. మన ఇళ్ళలో పసిబిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు పెద్దవాళ్ళు కూర్చునే తీరు అదే. అలా చాపిన కాళ్ళను ఈ ప్రాంతంలో అడ్డాలంటారు. బిడ్డను అడ్డాలమీద వేసుకున్న తల్లి కనుక అడ్డాలమ్మ అని కొందరంటారు. దారికి అడ్డంగా కూర్చున్న తల్లి కనుక అడ్డాలమ్మ అని మరికొందరంటారు. రెండు మాటలూ నిజమే. ప్రదక్షిణ చేసేవారు అమ్మ పాదాలను చుట్టి రావాలే గాని దాటరాదు.

స్థలపురాణం అనగానే కృతయుగమో త్రేతాయుగమో అని అనుకోవద్దని మనవి. ఈ చరిత్ర జరిగి యాభై అయిదేళ్ళు. కళ్ళారా చూసినవారు కొందరు నేటికీ వీధిలో ఉన్నారు. వారు చెప్పగా రాసినదే ఈ పుస్తకం.

ఆ రోజుల్లో వీధికి రెండు పక్కలా మగ్గాల ఇళ్ళు ఉండేవి. తెల్లవారగానే ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పడుగు సాగదీసి గంజి పెట్టేవారు. దారాల కింద నుంచి పిల్లలు దూరి పరుగెత్తేవారు. ఎండ పొడ పడే వేళకు వాకిళ్ళలో పసిబిడ్డలకు నీళ్ళు పోసేవారు. ఆ పని చేసేది బోని అప్పలనరసమ్మ అనే మంత్రసాని. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. వీధిలో పుట్టిన ప్రతి బిడ్డా ముందు ఆమె చేతుల్లో పడిందే. చిన్నా పెద్దా అందరూ ఆమెను మామ్మ అనే పిలిచేవారు.

ఒక ఏడు వరదకు పెద్దరోడ్డు మీది వంతెన కుంగిపోయింది. మార్కెట్టుకు వచ్చే గోగునార లారీలను నేతవీధి గుండా మళ్ళించారు. మూడు నెలలు ఓర్చుకోండి అన్నారు. వీధివారు ఓర్చుకున్నారు. వంతెన బాగవడానికి ఏడాది పట్టింది. అప్పటికి లారీలు ఈ దగ్గరదారికి అలవాటు పడ్డాయి. పురపాలక సంఘం కూర్చుని ఒక తీర్మానం చేసింది. నేతవీధి ఇకమీదట లారీల దారి. సరుకు దించే వంతు వచ్చేదాకా లారీలను వీధికి రెండు పక్కలా నిలుపుకోవచ్చు.

ఇక పడుగు సాగదీయడానికి చోటు లేకపోయింది. తలుపు తీస్తే ఎదురుగా లారీ చక్రం. అరుగుమీద కూర్చుంటే మొహం మీద పొగ. బిడ్డల స్నానాలు పెరటి చీకట్లోకి పోయాయి. నేతపెద్ద బళ్ళ సూర్యనారాయణ వీధివారందరి చేత సంతకాలు, వేలిముద్రలు పెట్టించి మూడుసార్లు అర్జీ ఇచ్చాడు. మూడోదానికి జవాబు వచ్చింది. "సదరు వీధిలో ప్రమాదము జరిగినట్లు దాఖలా లేనందున అర్జీ తోసిపుచ్చడమైనది" అని అందులో ఉంది.

ఆ జవాబు వచ్చిన పంతొమ్మిదో రోజున దాఖలా ఏర్పడింది.

సన్యాసమ్మ అనే నేతగత్తె పెద్దకూతురు బంగారి. నాలుగేళ్ళ పిల్ల. ఎదురింటికి పోదామని, నిలిపి ఉన్న రెండు లారీల సందులోంచి వీధిలోకి వచ్చింది. నడిమధ్య నుంచి మూడో లారీ పోతోంది. డ్రైవరు తప్పు లేదని తల్లే చెప్పింది. రెండు లారీల సందులో ఉన్న పిల్ల ఎవరికి కనిపిస్తుంది? బంగారికి పుట్టినప్పుడు తొలినీళ్ళు పోసిన అప్పలనరసమ్మే ఆఖరి నీళ్ళూ పోసింది. వీధివారు నాలుగో అర్జీ ఇచ్చారు. పురపాలక సంఘం సంతాపం తెలిపి, ఆరు నెలల్లో నివేదిక ఇమ్మని ఉపసంఘాన్ని వేసింది. లారీలు వస్తూనే ఉన్నాయి.

ఉపసంఘం వేసిన మూడో రోజు మధ్యాహ్నం అప్పలనరసమ్మ అన్నం ముందు కూర్చుని తినలేక, గోడకు జారబడి కన్ను మూసింది. అప్పుడామెకు కల వచ్చింది. రెండు లారీల సందులో ఒక స్త్రీ ముడుచుకొని కూర్చుని ఉంది. తలంటుకొన్న జుట్టు తడిగా ఉంది. మోకాళ్ళు గుండెలకు ఆని ఉన్నాయి. ఆమె అన్నదట: "అప్పలనరసా! ఈ వీధిలో నాకు కాళ్ళు చాపుకునే చోటు లేకుండా పోయిందే. నువ్వయినా చాపవే."

మరునాడు పొద్దెక్కగానే అప్పలనరసమ్మ సన్యాసమ్మ గుమ్మం ముందు నిలబడింది. సన్యాసమ్మ ఒళ్ళో నలభై రోజుల పసికందు ఉంది. బంగారి చెల్లెలు.

"బిడ్డనియ్యే. నీళ్ళు పోస్తాను."

"పెరట్లో కాగులో నీళ్ళు కాగుతున్నాయి మామ్మా."

"పెరట్లో కాదు. వీధిలో."

సన్యాసమ్మ బిడ్డను గుండెకు అదుముకుంది. "మామ్మా, నాకు మిగిలింది ఇదొక్కతే" అంది.

"అందుకే ఇయ్యమంటన్నాను" అంది అప్పలనరసమ్మ.

సన్యాసమ్మ గుమ్మం దాటి వచ్చి, నిలిపి ఉన్న లారీల వైపు ఒకసారి చూసిందని చూసినవారు చెబుతారు. తర్వాత సన్యాసమ్మ బిడ్డను ఇచ్చింది. ఇచ్చి లోపలికి పోలేదు. వేన్నీళ్ళ కాగు తానే మోసుకొని వచ్చింది.

అప్పలనరసమ్మ వీధి నడిమధ్యన పీట వేసుకుని కూర్చుంది. చీర మోకాళ్ళపైకి దోపి, కాళ్ళు చాపి, బిడ్డను అడ్డాలమీద వేసుకుంది. నువ్వులనూనె మాడున అద్ది, సున్నిపిండి నలుగు పెట్టడం మొదలుపెట్టింది. మొదటి లారీ వచ్చి ఆగింది. హారన్ కొట్టింది. ఆమె తల ఎత్తలేదు. డ్రైవరు దిగి వచ్చాడు.

"ఏటి ముసిలమ్మా, సావాలనుందా? దారి మధ్యన ఏటీ పని?"

"బిడ్డకి నీళ్ళు పోస్తన్నాను నాయినా. అరవకు, ఉలిక్కిపడతాది."

"ఎంతసేపు?"

"నీకు మీ అమ్మ ఎంతసేపు పోసిందో అంతసేపు."

అతను పోయి అరుగుమీద కూర్చున్నాడు. ఈ బిడ్డ స్నానం ముగిసి సాంబ్రాణి వేస్తుండగానే పక్కింటి ఇల్లాలు తన బిడ్డను తెచ్చింది. ఆపైన ఎదురింటామె. మిట్టమధ్యాహ్నానికి పదకొండుమంది బిడ్డలకు నీళ్ళు పోయడం అయింది. లారీల వరస బస్సుస్టాండు దాటింది.

రెండో రోజూ అంతే. మూడో రోజుకు వీధిలో పసిబిడ్డలు చాలలేదు. ఒకే బిడ్డకు పూటలో రెండుసార్లు నీళ్ళు పోయడానికి అప్పలనరసమ్మ ఒప్పుకోలేదు. ఆ మాట విని జాలరిపేట నుంచి, తురకల వీధి నుంచి, మాలపల్లె నుంచి తల్లులు బిడ్డలను ఎత్తుకొని వచ్చారు. అప్పటివరకు ఒకరి వాకిట్లో ఒకరు అడుగుపెట్టని ఆడవాళ్ళు ఒకే కాగులో నీళ్ళు తోడుకున్నారు. పోలీసులు వచ్చి, ఇది రాకపోకలకు ఆటంకం, కేసు పెడతామన్నారు. "పెట్టుకో బాబూ. బిడ్డకి నీళ్ళు పోసిందని రాసుకో. ఆ కాయితం మీ ఇంట్లో ఆడోళ్ళకి సదివి వినిపించు" అంది అప్పలనరసమ్మ. వచ్చినవారు కాగితం తీయకుండానే వెనుదిరిగారు.

ఎనిమిదో రోజున పురపాలక సంఘం మరో ఉపాయం పన్నింది. వీధి ఇరుకని, ఇళ్ళ అరుగులు కొట్టేసి వెడల్పు చేస్తే ఆడవాళ్ళ పక్కనుంచే లారీలు పోవచ్చునని కూలీలను పంపింది. మొదటి గునపం సన్యాసమ్మ ఇంటి అరుగులో పడింది. నాలుగు పోట్లకు కంగుమని మోగింది. మట్టి తీసి చూస్తే ఒక నల్లరాయి. కూర్చున్న మనిషిలాగా ఒక గుబ్బ, దాని నుంచి ముందుకు సాగిన రెండు పొడుగాటి గట్లు. కాళ్ళు చాపుకొన్న తల్లి! కూలీలు గునపాలు కింద పెట్టి చేతులు జోడించారు.

పని చూడవచ్చిన ఓవర్సీరు, "పాత గుమ్మపు రాయి. పక్కకు లాగేయండి" అన్నాడు. అది గుమ్మపు రాయే అని ఈనాటికీ అనేవారు ఉన్నారు. ఆ సంగతి ఈ పుస్తకంలో దాచడం లేదు. అప్పలనరసమ్మ కూడా కాదనలేదు.

"రాయే అనుకో బాబూ. నువ్వే ఎత్తు, సూద్దాం" అంది.

అతను కూలీల వైపు చూశాడు. కూలీల మేస్త్రీ, "మా పిల్లలకీ ఈవిడే నీళ్ళు పోసింది, మావల్ల కాదండి" అని తలపాగా విప్పి భుజాన వేసుకున్నాడు. ఆ సాయంత్రం ఆడవాళ్ళే తాళ్ళు కట్టి రాయిని వీధి నడిమధ్యకు లాగారు. ముందు తాడు పట్టింది సన్యాసమ్మ.

పదో రోజున ఛైర్మన్ ముద్దాడ వైకుంఠరావు స్వయంగా వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, మాటకారి. కూర్చోవడానికి కుర్చీ తెచ్చారు గాని కూర్చోలేదు. "మామ్మా, ఇటు మీ మాటా, అటు మార్కెట్టు మాటా నిలబడాలి. ఒక పక్కనే లారీలు నిలుపుతారు. అదీ పది నుంచి నాలుగు దాకానే. సరేనా?" అన్నాడు.

"ఒక పక్కన నిలిపితే ఏటవుతాది బాబూ? సగం పిల్లే సస్తాదా?"

ఛైర్మన్ చట్టం సంగతి ఎత్తబోయాడు. అప్పలనరసమ్మ నూనె చేతిని తుడుచుకోకుండానే, "ఇలా వంగు" అంది. ఎందుకో ఆయన వంగాడు. ఆమె బొటనవేలితో ఆయన ముక్కుదూలం మీద పైనుంచి కిందికి ఒక్కసారి రాసింది.

"సప్పిడి ముక్కుతో పుట్టినావు. అదిగో, ఆ నీలం తలుపుల ఇల్లు మీ అమ్మమ్మది. ఆ వాకిట్లో నలభై రోజులు ఈ అడ్డాలమీదేసుకొని ఈ ముక్కు తీర్చినాను. ఆయేళ లారీ నిలబెట్టుంటే ఈయేళ ఛైర్మనువి నువ్వు కావు. ఈ సన్యాసమ్మ కూతురికీ ముక్కు తీర్చినాను. నాలుగేళ్ళకే మీరు మట్టిలో ఎట్టించినారు."

ఆయన ముక్కుమీది నూనె తుడుచుకోకుండానే నడిచి వెళ్ళిపోయాడు.

మరునాడు ప్రత్యేక సమావేశం జరిగింది. తల్లులు బిడ్డలతో సహా వెళ్ళి సభామందిరంలో నేలమీద కూర్చున్నారు. పిల్లల ఏడుపుతో మాట వినబడడం లేదని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పాడు. "వినబడాల్సింది అదే" అంది సన్యాసమ్మ. సభ్యులు అటు సగం, ఇటు సగం అయ్యారు. ఛైర్మన్ ఓటు తేల్చవలసి వచ్చింది. ఆయన తన పాత తీర్మానాన్ని తానే రద్దు చేశాడు. లారీలు, బస్సులు, కార్లు నేతవీధిలో ప్రవేశించరాదు, నిలపరాదు. వీధి మొగలు రెండింటా గట్లు వేయవలెను. నడుమనున్న రాయిని ఎవరూ కదపరాదు. ఇదీ కొత్త తీర్మానం.

కబురు తెచ్చినవారు ఊరేగింపు చేద్దామన్నారు. అప్పలనరసమ్మ వద్దంది. "బంగారి రాదు గదా" అంది. కాగులో మిగిలిన నీళ్ళు ఆ రాయి పాదాల మీద పోసి, పసుపు రాసి, సన్యాసమ్మను పట్టుకొని అప్పుడు ఏడ్చింది. అదే అమ్మవారికి జరిగిన తొలి అభిషేకం.

మరో పన్నెండేళ్ళు అప్పలనరసమ్మ ఈ వీధిలోనే బిడ్డలకు నీళ్ళు పోసింది. ఆ తర్వాత కాలంలో ఇద్దరు కమిషనర్లు, పటంలో లేని కట్టడమని ఒకరు, కార్లు నిలపడానికి స్థలం కావాలని ఒకరు, రాయిని తీయించబోయారు. రెండుసార్లూ వీధి నడిమధ్యన పీటలు పడ్డాయి, కాగులు పొయ్యెక్కాయి. రెండు ఉత్తర్వులూ వెనక్కి పోయాయి. ఇంకెవరైనా ప్రయత్నించదలిస్తే పీటలు సిద్ధంగా ఉన్నాయని ఆలయ కమిటీ సవినయంగా తెలియజేస్తున్నది.

నేడు ఇసుకమెట్టలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఏ ఇంట బిడ్డ పుట్టినా, ఇరవై ఒకటో రోజున ఇక్కడికి తెచ్చి అమ్మ ఎదుట నీళ్ళు పోయడం ఆచారం. కులమత భేదం లేదు. ఆడపిల్లకు ముందు, మగపిల్లవాడికి తర్వాత. బొమ్మలు గీసిన స్నానపు తొట్లు తేరాదు. బిడ్డను కాళ్ళమీదనే వేసుకోవాలి. అమ్మకు నైవేద్యం నువ్వులనూనె, సున్నిపిండి. వైశాఖంలో జరిగే ఉత్సవంలో అమ్మకు రథం లేదు. చక్రమున్న దేనినీ వీధిలోకి రానివ్వరు కనుక పల్లకిని భుజాలమీద మోస్తారు. కొత్తగా ఎన్నికైన ఛైర్మన్ తొలి సమావేశానికి ముందు నడిచి వచ్చి, ఒక బిడ్డ స్నానానికి తన చేత్తో నీళ్ళు తోడివ్వాలి. ఇంతవరకు రానివారు ఒక్కరే. వారి పేరు ఇందులో వేయలేదు. వీధిలో ఎవరినడిగినా చెబుతారు.

ఈ తల్లిని సేవించినవారికి బిడ్డల గండాలు తొలగుతాయని, భయపడి నోరు మెదపలేనివారికి ధైర్యం కలుగుతుందని పెద్దల మాట. మొక్కుకొని వచ్చిన తల్లులు కాసేపు అరుగులమీద కూర్చుని వీధిని చూసి వెళ్ళాలని కోరుతున్నాము. ఇక్కడ పిల్లలు గోడ పట్టుకొని నడక నేర్వరు. వీధి నడిమధ్యనే నేరుస్తారు. పడినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు లేచేదాకా, ఎవరికెంత తొందర ఉన్నా, వీధి ఆగుతుంది.