చేదు సంగటి

రాండి, రాండి. ఎండ దిగింది, వరండా చల్లబడింది. పుస్తకాలు సంచుల్లో పెట్టి దగ్గరికి జరిగి కూచోండి. వెనక ఉన్నోళ్ళకు నా గొంతు అందదు. ఒరే ఈరన్నా, ఆ చింతపిక్కలు జేబులో వేసుకో. మధ్యలో గలగలమంటే కథ చెదిరిపోతుంది. ఆఁ, కూచున్నారా?

ఒక గుట్ట మీద ఒక దర్గా ఉండేది. అందులో మౌలాలి తాత అని ఒక ఫకీరు. హిందువులూ, తురకలూ అందరూ ఆయన్ని తాతా అనే పిలిచేవాళ్ళు. ఉరుసుకు వచ్చేవాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చి ఇచ్చేవాళ్ళు. పట్నం షావుకార్లు బండ్ల మీద మూటలు పంపేవాళ్ళు. అదంతా దర్గా కొట్టులో చేరేది. కరువొచ్చిన ఏడాది, చుట్టుపక్కల ఊర్లలో ఒక ఊరిని ఎంచి, ఆ ఊరికి తిండిగింజలు, విత్తనాలు, పశువులకు గడ్డి ఇచ్చేవాళ్ళు. ఒక్క ఊరికే. అందరికీ తలా చారెడు పంచితే ఎవరి పొయ్యీ వెలగదు కదా.

ఒక కరువు ఏడాది ఊరిని ఎంచే పని తాత శిష్యుడు దస్తగిరి మీద పడింది.

దస్తగిరి చెడ్డవాడు కాదు. పట్నంలో తండ్రి బట్టల అంగడి వదులుకొని తాత కాళ్ళ దగ్గరికి వచ్చినవాడు. చేతికి మట్టి అంటింది ఆ గుట్ట మీదికి వచ్చినాకనే. న్యాయంగా ఉండాలని వాడికి మహా పట్టుదల. ఆ పట్టుదల చూసుకొని వాడికి కొంచెం గర్వం కూడా.

"తాతా, అందరూ ఏడుస్తూనే వస్తాండారు. ఎవరి ఏడుపు నిజమో ఎట్లా తెలిసేది?" అని అడిగినాడు.

తాత చిరిగిన జోలె కుట్టుకుంటున్నాడు. తలెత్తలేదు.

"పోయి వాళ్ళతో కూచొని తిను. చెప్పి మాత్రం పోవాకు."

మొదటి మాట దస్తగిరికి బాగా నచ్చింది. ఏడుపులు వినేది లేదు, నా కండ్లతో చూస్తా, నా నాలుకతో రుచి చూస్తా, నన్ను ఏమార్చేవాడు ఇంకా పుట్టలేదు అనుకున్నాడు. రెండో మాట అంత నచ్చలేదు. మండే ఎండాకాలం. చెప్పకుండా పోతే మగవాళ్ళంతా కూలికి పోయి ఉంటారు, ఊర్లో ఎవరితో మాట్లాడేది? అందుకని ముందురోజే కబురు పంపినాడు, రేపు దర్గా మనిషి వస్తాండాడని.

మొదట పెద్దరాచపల్లికి పోయినాడు. ఆ ఊరి పెద్ద చిన్నపరెడ్డి ఎదురొచ్చి, వేపమాను నీడ ఉన్నా ఎండలోనే మంచం వాల్చి కూచోబెట్టినాడు. పగిలిన ముంతలో నీళ్ళు ఇచ్చినాడు.

"పెట్టడానికి ఏమీ లేదు సామీ. సిగ్గుగా ఉండాది," అన్నాడు.

ఆడవాళ్ళు వరసగా కుండలు తెచ్చి బోర్లించి చూపించినారు. ఒక గింజ రాలలేదు. అబద్ధం కాదు, వాళ్ళూ కరువులో ఉన్నవాళ్ళే. కాకపోతే, ఇచ్చేవాడికి ఏం చూపించాలో చిన్నపరెడ్డికి తెలుసు.

తర్వాత తుమ్మకుంటకు పోయినాడు. చిన్న ఊరు, ఎర్రనేల, మెట్ట సేద్యం. ఆ గుట్ట కింది ఊర్లలో ఒక నమ్మకం ఉండేది. దర్గా మనిషి కడుపు కాలి ఊరు దాటితే, వచ్చే వాన కూడా వెనక్కి మళ్ళిపోతుందని. అది ఎవరు పుట్టించినారో ఏమో. అన్ని ఊర్లూ నమ్మేవి కావు, తుమ్మకుంట మాత్రం గట్టిగా నమ్మేది.

సుంకమ్మవ్వ అని ఒక ముసలామె విస్తరి వేసి, వేడివేడి జొన్న సంగటి ముద్ద పెట్టి, పక్కన ఇంత ఊరిమిండి పచ్చడి వేసింది. ఊరంతా చుట్టూ నిలబడింది.

"మీరూ కూచోండి. మీతోపాటే తినమని తాత చెప్పినాడు," అన్నాడు దస్తగిరి.

"మాది అయింది సామీ. ఇప్పుడే తిన్నాము," అన్నాడు తిప్పన్న. ఆ ఊరికి పెద్దమనిషి ఆయనే.

ఒక పిల్లోడు ఏదో అనబోతే వాళ్ళమ్మ వాడి నోరు మూసింది.

దస్తగిరి తిన్నాడు. మూడు బుక్కలు మింగినాక నాలుక మీద ఏదో చేదు తగిలింది.

"ఏం అవ్వా, సంగట్లో యాపాకు కలిపినావా ఏంది?" అని నవ్వినాడు.

సుంకమ్మవ్వ కూడా నవ్వింది. ఆ నవ్వులో పండ్లు లేవు. "కరువు కాలంలో నాలుకకు అన్నీ చేదే సామీ. ఇంకో ముద్ద పెట్టమంటావా నాయనా?" అంటూనే పెట్టేసింది.

"మీకు ఏం కావల్ల?" అని తిప్పన్నను అడిగినాడు.

తిప్పన్న నేల చూసినాడు. "ఇత్తనాలు సామీ," అన్నాడు. అంతే అన్నాడు. కుండలు బోర్లించలేదు. ఏడవలేదు.

దస్తగిరి రెండు ముద్దలు తిన్న కడుపుతో గుట్ట ఎక్కినాడు.

అయితే దానం ఇచ్చేది షావుకార్లు కదా. మా సొత్తు యాడికి పోతుందో మా కండ్లతో చూడొద్దా అన్నారు వాళ్ళు. మళ్ళీ కబురు పోయింది. ఈసారి ఇద్దరు షావుకార్లు, వాళ్ళ లెక్కలవాడు, బండ్లు తోలేవాళ్ళు, దస్తగిరి. పెద్దరాచపల్లిలో మళ్ళీ పగిలిన ముంతలో నీళ్ళే. ఒక షావుకారు కండ్లు తుడుచుకున్నాడు. తుమ్మకుంటలో అందరికీ మళ్ళీ విస్తర్లు, మళ్ళీ సంగటి. బండ్లవాళ్ళకు కూడా అడిగి అడిగి పెట్టింది సుంకమ్మవ్వ. చేదు ఈసారీ ఉంది. లెక్కలవాడు మొహం చిట్లించి సగం వదిలేసి లేచినాడు. అతడు చేయి కడుక్కోను అటు తిరగడంతోనే ఆ సగం ముద్ద విస్తరిలో లేదు.

బండ్లు కట్టేటప్పుడు తిప్పన్న చేతులు జోడించి దగ్గరికి వచ్చినాడు.

"సామీ, ఇచ్చేదుంటే ఇయ్యండి, లేకుంటే లేదు. మళ్ళా చూసేదానికి మాత్రం రావాకండి."

షావుకార్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బండి ఊరు దాటినాక పెద్ద షావుకారు అన్నాడు: "విన్నావా పొగరు? రెండు తూర్లు కడుపునిండా పెట్టినోళ్ళకు కరువేందప్పా? కరువున్నోడు రావాకండి అంటాడా, కాళ్ళు పట్టుకుంటాడా?"

దస్తగిరికి ఆ మాట న్యాయంగానే తోచింది. తన నాలుకే సాక్షి. తిండి ఉన్న ఊరికి ఇచ్చి, తిండి లేని ఊరిని ఎండబెడితే పాపం కాదా?

గింజలు, గడ్డి, విత్తనాల మూటలు అన్నీ పెద్దరాచపల్లికి పోయినాయి.

ఆరుద్ర కార్తెలో వాన పడింది. ఎట్లాంటి వాన! ఏండ్ల తర్వాత వంకలు పారినాయి, కుంటలు నిండినాయి. గుట్ట మీద దస్తగిరి చేతులు చాచి వానలో చిన్నపిల్లోడి మాదిరి ఎగిరినాడు.

పైరు చూద్దామని కొన్నాళ్ళకు పెద్దరాచపల్లికి పోయినాడు. పచ్చగా ఉంది. చిన్నపరెడ్డి ఈసారి నీడలో మంచం వేసి మజ్జిగ ఇచ్చినాడు. సంతోషంగా తిరిగి వస్తా, దోవలోనే కదా అని తుమ్మకుంట మీదుగా వచ్చినాడు.

ఊర్లో పొగ లేదు. కుక్కలు లేవు. ప్రతి గుమ్మానికి అడ్డంగా ముళ్ళకంప కొట్టి ఉంది.

చేలు చూసినాడు. అన్నీ దున్ని ఉన్నాయి. తొలి వానకే దున్నినట్టున్నారు, సాళ్ళు గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. ఆ సాళ్ళలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. జొన్న మొక్క ఒక్కటి లేదు.

మేకలు తోలుకొస్తున్న కాపరి ఒకడు కనిపిస్తే ఆపి అడిగినాడు.

"ఊరోళ్ళు యాడికి పోయినారు?"

"కొంతమంది బండల పనికి, కొంతమంది ఏటి అవతలికి. పిల్లాజెల్లా అంతా పోయినారు."

"సుంకమ్మవ్వ?"

"ఆయమ్మ ఏరు దాటలేదు సామీ. దోవలోనే పోయింది. మట్టి ఏసి నడిచినారు."

"వాన పడింది కదప్పా! దున్నుకున్నారు కదా! దున్నినోళ్ళు విత్తకుండా ఎందుకు పోయినారు?"

కాపరి అతని మొహం కేసి చూసినాడు. పచ్చ తలగుడ్డ చూసినాడు.

"నువ్వు దర్గా సామివి కదా?"

"అవును."

కాపరి మేకలను అదిలించుకుంటూ పోయినాడు.

గుట్ట ఎక్కేసరికి తాత వాకిట్లో కూచొని ఉన్నాడు. దస్తగిరి కూచోను కూడా కూచోకుండా జరిగిందంతా చెప్పినాడు. చెప్పి, అదే ప్రశ్న అడిగినాడు.

"సోమరిపోతులు అనుకుందామంటే, దున్నినారు తాతా. ఎందుకు విత్తలేదు?"

"ఆ ఊర్లో నీకు ఏం పెట్టినారు?" అన్నాడు తాత.

"సంగటి. పోయిన రెండు తూర్లూ సంగటే. కడుపునిండా పెట్టినారు. కొంచెం చేదు, అంతే."

"చేదా?"

"చేదే. యాపాకు చేదు మాదిరి. ముసలామెతో ఎగతాళి కూడా చేసినాను."

తాత చేతిలో తస్బీ పూసల దండ తిరుగుతూ ఉండేది. ఆగిపోయింది. ఆయన ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు, గోడ పట్టుకొని లేచినాడు. లోపలికి పోయి, అటక మీదినుంచి మట్టితో మూతి మెత్తిన చిన్న బాన దించినాడు.

"తాతా, అది ముట్టుకోవద్దని నువ్వే అన్నావు కదా. అది విత్తనాల బాన."

"తెలుసు."

మెత్తిన మట్టి పగలగొట్టినాడు. బూడిద పైకి లేచింది. లోపల ఎండిన వేపాకు, వేపాకు పొడి, వాటి నడుమ జొన్నలు. మీ ఇండ్లలో విత్తనాలకు పురుగు పట్టకుండా అమ్మమ్మలు ఎట్లా దాస్తారో మీరు చూసే ఉంటారు. దస్తగిరి పట్నంలో పుట్టినవాడు. ఆ బాన లోపల ఎట్లుంటుందో ఎన్నడూ చూడలేదు.

తాత ఆకులు ఏరి, చేటలో చెరిగి, ఒక చెంబెడు నీళ్ళతో గింజలు కడిగినాడు. నీళ్ళు బూడిద రంగులో కారినాయి.

"ఇంకా మురికిగానే ఉండాయి తాతా. బావి నిండా నీళ్ళుండాయి, ఇంకో కడవ తెస్తా ఉండు."

"ఎండాకాలంలో ఆ ఊర్లో లేవు కదా," అన్నాడు తాత.

గింజలు ఆరబోసి, ఇసుర్రాయి ముందు తానే కూచున్నాడు. దస్తగిరి పిడి పట్టుకోబోతే వద్దన్నాడు. విసిరి, పొయ్యి రాజేసి, సంగటి కెలికినాడు. పొయ్యిలో పుల్లలు చిటపటమంటున్నాయి.

విస్తరి వేసి, ముద్ద పెట్టి, ఎదురుగా కూచున్నాడు తాత.

"నువ్వు తినవా తాతా?"

"నాది అయింది. ఇప్పుడే తిన్నా."

ఆయన పొద్దుటినుంచి ఏమీ తినలేదని దస్తగిరికి తెలుసు.

తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలినాడు. అదే చేదు. దవడ ఆగిపోయింది. మింగలేడు, ఉమ్మలేడు. కండ్ల ముందు దున్నిన సాళ్ళు, ఒకదాని పక్కన ఒకటి, చివరిదాకా కనిపించినాయి.

తాత గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే బాగుండేది.

"ఇంకో ముద్ద పెట్టమంటావా నాయనా?" అన్నాడు.

...

ఏంరా, అట్లా చూస్తారు? అంతే కథ. ఆ తర్వాత నాకు తెలీదు.

లేవండి, పొద్దు గూకింది. ఇండ్లకు పోయి తినండి. తినేముందు, అమ్మా నువ్వు తిన్నావా అని అడగండి. తిన్నాలే అంటుంది. కుండ మూత తీసి చూడండి.