పందికొక్కు నిలబెట్టిన కట్ట

అనగనగా ఒక కొండ కింద అడవిలో రాజు లేని ఊరొకటి ఉండేది. సింహం లేదు, సింహాసనం లేదు. జంతువులే కూడి కట్టుకున్న ఊరు. జింకలకో వీధి, ఎలుగులకో వీధి, ముంగిసలకో వీధి. నడుమ ఒక చదును బండ. ఏ తగువైనా ఆ బండ మీదే తేలాలి.

వినండర్రా. మధ్యలో అడ్డు తగిలారంటే ఇక చెప్పను.

ఆ ఊరికి ఎండాకాలం వస్తే తాగడానికి నీళ్ళుండవు. అందుకని వాగుకి అడ్డంగా మట్టికట్ట వేద్దామనుకున్నారు. ఊరిపెద్ద కారెమ్మ అనే అడవిదున్న. ఆవిడ బండెక్కి చెప్పింది.

"కట్టకి ఎంత మన్ను మోసినా సరే, మోసినవాళ్ళకి ఈ బండ మీద చోటుంటుంది. మొయ్యనివాళ్ళకి లేదు."

అందరికంటే ముందు వచ్చింది నూకాలు. నూకాలు పందికొక్కు. తట్ట మొయ్యలేదు కాబట్టి టేకాకు దొప్పలో మన్ను తెచ్చింది.

కట్టపనికి మేస్త్రి బొంతయ్య. ఎలుగుబంటి. ఆ దొప్పని కాలితో ఒక్క తన్ను తన్నాడు.

"పందికొక్కు కట్ట కడుతుందిట! పాలకి పిల్లిని కాపలా పెట్టినట్టుంది!"

చెట్ల మీద కొండముచ్చులు పడీ పడీ నవ్వాయి. ఎన్ని నవ్వాయో నూకాలు లెక్కపెట్టుకుంది. పద్నాలుగు.

రెండోసారి ఉత్త చేతులతో వచ్చింది.

"మేస్త్రీ, నాకు చోటివ్వకపోతే మానెయ్. ఒక్క మాట విను. పుట్టమన్ను జిగురుమన్నే, కాదనను. కానీ పుట్టల్ని పెళ్ళలు పెళ్ళలుగా పేరుస్తున్నావు. లోపల చెదలు బతికే ఉన్నాయి. నలగ్గొట్టి, నానబెట్టి, తొక్కించి వెయ్యి."

"నాకే మన్ను సంగతి చెబుతావుటే? పోవే అవతలికి!"

బొంతయ్యకి తెలియక కాదు. చెదలంటే ఎలుగుబంటికి ప్రాణం. ఆకలేసినప్పుడు పనికొస్తాయని పుట్టల్ని అలాగే పేర్చాడు. ఎవరూ చూడనప్పుడు కట్టని గోళ్ళతో గీరేవాడు. మూతి దూర్చి జుర్రుమని పీల్చేవాడు. పైన కాస్త మట్టి కప్పేసేవాడు. మేస్త్రీ ఆయనే, కట్టని తిన్నదీ ఆయనే.

మూడోసారి నూకాలు రాలేదు. ఊరే నూకాలు ఇంటికి వచ్చి కట్ట దగ్గరికి ఈడ్చుకొచ్చింది. కట్ట పూర్తయిన నాడు కప్పిన మట్టి జారి ఒక బొక్క బయటపడింది. బొంతయ్య అందరికంటే ముందు అరిచాడు.

"ఇదిగో, పందికొక్కు పని! నేను ముందే చెప్పలేదూ?"

"ఆ బొక్కలో గోటి గీతలు చూడు కారెమ్మా," అంది నూకాలు. "నా గోరు అంత ఉంటుందా?"

కారెమ్మ తల వంచి చూస్తే అయిపోయేది. చూడలేదు. బొక్క పైపైన పూడ్పించి, నూకాలునీ ఏడుగురు పిల్లల్నీ ఊరవతల కొండ మీదికి తరిమేయించింది.

శ్రావణం వచ్చింది. మూడు రోజులు ముసురు. నాలుగోనాడు కుండపోత. కట్ట వెనక నీళ్ళు నిలిచి చెరువు నిండింది. మధ్యాహ్నానికి కట్టకి ఊరివైపున బురదనీళ్ళు బుసబుసా ఉబికాయి. ఊరంతా పరిగెత్తుకొచ్చి ఉబికే చోట రాళ్ళు పెట్టింది. నీళ్ళు పక్కనుంచి వచ్చాయి. అక్కడా పెట్టారు. ఇంకో పక్కనుంచి వచ్చాయి.

కొండ మీంచి నూకాలు చూస్తోంది.

"మునగనీ అమ్మా," అంది పెద్దకూతురు. "మనం పైనే ఉన్నాంగా."

నూకాలుకి తన్నిన దొప్ప గుర్తొచ్చింది. పద్నాలుగు నవ్వులూ గుర్తొచ్చాయి. కిందికి చూసింది. ముంగిసల వీధి పల్లంలో ఉంది. ఆ కూనలింకా కళ్ళు తెరవలేదు.

"ఊరు మునిగిపోతే నేనెవరితో పోట్లాడను?" అని గబగబా దిగింది.

"అక్కడ కాదర్రా మూసేది! నీళ్ళు బయటికొచ్చే చోట మూస్తే ఏం లాభం? దూరే చోట మూయాలి! అదిగో, చెరువులో సుడి తిరుగుతోంది చూడండి!"

"నీకెలా తెలుసు?" అన్నాడొక కొండముచ్చు.

"బొక్కల సంగతి నాకు తెలియక నీ తోకకి తెలుస్తుందా? దిగి గడ్డి కొయ్యి!"

గడ్డీ ఒండ్రుమట్టీ కలిపి ముద్దలు చేయించింది. మూడు ముద్దలు వేస్తే మూడూ సుడి మింగేసింది.

"ముందు పెద్ద అడ్డం కావాలి. మేస్త్రీ! నీ వీపు పెట్టు."

"నా వీపా?"

"అంత వెడల్పు ఈ ఊళ్ళో ఇంకెవరికుంది? దిగు!"

దిగాడు. సుడి లాగి బిగించేసింది, సీసాకి బిరడా పెట్టినట్టు. నీళ్ళు మెడదాకా వచ్చాయి.

"ఈ బొక్క ఎవరిది మేస్త్రీ?" అంది నూకాలు.

"ముందు ముద్దలు వెయ్యక్కా! నీకు దణ్ణం పెడతాను!"

"వేస్తూనే ఉన్నాం. మా చేతులు ఆగలేదు. నువ్వు నోరు కదుపు."

"నాదే! చెదల కోసం నేనే తవ్వాను! తిన్నాను! అందరూ విన్నారుగా, వెయ్యండి!"

చుట్టూ ముద్దలు పేర్చారు. నలుగురు బొంతయ్యని పక్కకి లాగారు. లాగిన మరుక్షణం కారెమ్మ పెద్ద మట్టిగుట్టని కొమ్ములతో నెట్టింది. సుడి ఆగింది. ఊరివైపు ఉబుకుడు ఆగింది. కట్ట నిలిచింది. వాన వెలిసేసరికి చెరువు నిండా నీళ్ళు. ఊరు ఊరంతా కేకలు, గంతులు!

ఊరంతా మళ్ళీ బండ దగ్గర కూడాక కారెమ్మ బండ దిగింది.

"తప్పు నాదే నూకాలూ. తొంగి చూడలేదు. ఎక్కి కూర్చో."

నూకాలు నడిబండ మీద కూర్చుంది. పిల్లలు ఏడుగురూ పక్కన. అప్పుడు కొండముచ్చుల వైపు చూసింది.

"నవ్విన పద్నాలుగు మందీ తలా ఒక దొప్ప మన్ను తెండి. కట్ట మీద పొయ్యండి. పదమూడు వస్తే ఊరుకోను."

తెచ్చారు. లెక్క సరిపోయింది.

అప్పటినుంచి ఏటా వానలకి ముందు కట్టని నూకాలే చూడాలి. అది సరే అంటేనే ఊరికి సరే. నడవనక్కర్లేదు, బొంతయ్య వీపు మీద కూర్చుని చూస్తుంది.

"ఇంకా కోపం పోలేదా అక్కా?" అంటాడు ఏటా.

"పోలేదు. ఆ పగులు దగ్గర ఆగు."

ఆ కట్ట ఎన్నడూ తెగలేదు.

నీతి: మనసులో కోపం ఉంచుకుంటే ఉంచుకోండి, చేతిలో పని మాత్రం ఆపకండి. ఊరు నిలిస్తేనే తగువు తేల్చుకోడానికి చోటుంటుంది.