రేడియేటర్‌లో రెండు చెంచాల పసుపు

"పనివాడికి గర్వం ఉండొచ్చా మేస్త్రిగారూ?" అని భూషణం అడిగిన రోజున కాలేషా మేస్త్రి ఏమీ చెప్పలేదు. అడిగిన వెంటనే జవాబిచ్చే అలవాటు ఆయనకు ఎన్నడూ లేదు. చేతిలో పనుంటే పని చూసుకుంటాడు, లేకపోతే గుడ్డ తీసి పానాలు తుడుస్తాడు. అడిగినవాడు కాసేపు నిలబడి, తనకే మొహమాటం వేసి వెళ్ళిపోవాలి. విజయవాడ ఆటోనగర్‌లో ఆయన షెడ్డు పక్కదే నా దుకాణం. రేడియేటర్ గొట్టాలు, బెల్టులు అమ్ముతాను. ఇరవై రెండేళ్ళుగా గోడకు ఇవతల కూర్చుని అన్నీ విన్నవాణ్ణి కనుక ఈ సంగతి చెప్పే హక్కు నాకే ఉందనుకుంటాను.

భూషణం ఊరికే అడగలేదు. ముప్పై ఐదేళ్ళవాడు, అందులో పదమూడేళ్ళు కాలేషా దగ్గరే పని నేర్చుకున్నవాడు. ముందురోజు టీ కొట్టు దగ్గర ఎవరో "మీ మేస్త్రికి కళ్ళు నెత్తికెక్కాయి" అన్నారట. అన్నవాణ్ణి నేను తప్పుపట్టను. పందేలకు వెళ్ళే కార్లు చెన్నై నుంచి కూడా ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవి. ఆయన మాత్రం ఎవరు మెచ్చుకున్నా "ఆ, నేనే చేశాను" అనేవాడు తప్ప, అంతా దేవుడి దయ అనైనా అనేవాడు కాదు. ఆ మాటకు మా ఒళ్ళు మండేది. మళ్ళీ ఆయన పేరు చెప్పుకునే మా షెడ్ల వరుసంతా వ్యాపారం చేసుకునేది.

వారం తిరిగాక, ఒక మంగళవారం పొద్దున హైమావతి గారి నీలం కారు వచ్చింది. ఆవిడ భీమవరంలో రొయ్యల మేత ఫ్యాక్టరీ నడుపుతారు. నలభై దాటాక కార్ల పందేల్లోకి దిగి, తన సగం వయసువాళ్ళను వెనక్కి నెట్టిన మనిషి. వచ్చే ఆదివారం కోయంబత్తూరులో ఆ ఏటికి చివరి పందెం. అందులో మొదటి ముగ్గురిలో ఉంటే ఏడాది కప్పు ఆవిడదే. కారును గురువారం పొద్దున్నే లారీకి ఎక్కించాలి. ఆ కారేమో నీళ్ళు తాగుతోంది. ఇంజన్ను చల్లబరిచే ద్రవం ఎంత ఖరీదైనదైనా మా వరుసలో దాన్ని నీళ్ళనే అంటాం. వేగం పెంచితే వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాకా పోతోంది, వంద కిలోమీటర్లకు లీటరు నీళ్ళు మాయమవుతున్నాయి. కింద చూస్తే చుక్క తడి లేదు. కారు కారితే భయం లేదు, కారకుండా ఖాళీ అయితేనే భయం అని మాలో ఒక మాట ఉంది. బయటికి కారడం లేదంటే లోపల ఇంజనే తాగేస్తోందని అర్థం.

హైదరాబాదు నుంచి చక్రధర్ అనే ఇంజనీరును కూడా ఆవిడ వెంట తెచ్చుకున్నారు. పని తెలిసిన మనిషి, మర్యాదస్తుడు. కారుకు తీగ తగిలించి గంటసేపు కంప్యూటర్ చూశాడు.

"ఇంజన్ లోపలి హెడ్ గాస్కెట్ పోయినట్టుంది మేడం. ఇంజన్ విప్పాలి. పది రోజులు పడుతుంది."

ఆవిడ అక్కడున్న స్టూలు మీద కూలబడ్డారు. "అయితే ఈ ఏడాది పోయినట్టే" అన్నారు నెమ్మదిగా. మూడేళ్ళుగా ఆ కప్పు కోసం ఆవిడ ఎంత కష్టపడ్డారో మాకందరికీ తెలుసు.

అప్పుడే నీళ్ళ డబ్బా మూత తీసి లోపలికి వంగిన భూషణం, తేలు కుట్టినట్టు వెనక్కి వచ్చి గబుక్కున మూత పెట్టేశాడు. కాలేషా అది చూశాడు.

"ఏం వాసన వచ్చింది?" అని అడిగాడు.

భూషణం నసిగాడు. "పసుపు వాసన మేస్త్రిగారూ. దారిలో ఎవరో వేరే షెడ్డువాళ్ళు వేసినట్టున్నారు."

ఆ కారులో పోసే ద్రవమే పసుపు రంగు కాబట్టి, ముక్కు పెడితే తప్ప ఆ సంగతి తెలియదు. చక్రధర్ తల ఊపాడు. "ఎవరు ఏం కలిపారో, ఎంత కలిపారో తెలియనప్పుడు ఇక విప్పక తప్పదు" అన్నాడు.

హైమావతి గారు కూడా కాదనలేదు. ఏడాదిలో ఎన్ని ఊళ్ళు తిరిగారో, ఎక్కడెక్కడ ఎవరు మూత తీశారో ఆవిడకు మాత్రం ఏం గుర్తుంటుంది? తప్పు ఊరూ పేరూ లేనివాడి మీదికి చక్కగా పోయేదే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్న మొహం భూషణానిదే గానీ కాలేషాది కాదు. ఆయన చేతిలోని గుడ్డ పక్కన పెట్టాడు.

"రెండు చెంచాలు. పోయిన శ్రావణంలో. వేసింది నేను."

షెడ్డు ముందు అప్పటికే పది మంది పోగయ్యారు. అందరూ వింటుండగానే చెప్పాడు. కిందటేడు పందేనికి వెళ్ళబోతుంటే ఆ కారు రేడియేటర్‌కు రాయి తగిలి సూదిబెజ్జమంత చిల్లు పడింది. ఆదివారం, కొట్లన్నీ మూసి ఉన్నాయి. రేడియేటర్ కారితే పసుపు వేయడం పాతకాలపు లారీ డ్రైవర్ల చిట్కా. పొడి వెళ్ళి చిల్లులో కూరుకుంటుంది, లారీ ఊరు చేరుతుంది. కాలేషా టీ కొట్టు సుబ్బాయమ్మ దగ్గరికి భూషణాన్ని పంపి పసుపు తెప్పించాడు. చిల్లు పూడింది, ఆవిడ వెళ్ళి మూడో స్థానంలో వచ్చారు. దేంతో పూడ్చాడో మాత్రం ఆయన చెప్పలేదు. అంత ఖరీదైన కారుకు లారీ వైద్యం చేశానని ఏ మొహంతో చెబుతాడు? తిరిగొచ్చాక కడిగేద్దామనుకున్నాడు. మరిచిపోయాడు.

గుంపులోంచి ఎవరో నవ్వారు. "మహా మేస్త్రి వైద్యం, పాత చింతకాయ పచ్చడి" అన్న మాట కూడా వినిపించింది. కాలేషా అటు తిరగలేదు.

హైమావతి గారు లేచి నిలబడ్డారు. "నా బండిలో పసుపు వేశారా? నన్నడక్కుండా?"

"అడగలేదమ్మా. తప్పే." ఆయన చక్రధర్ వైపు తిరిగాడు. "సార్, లారీ రేడియేటర్లో దారులు వెడల్పు. దీనిలో వెంట్రుకవాసి. నా పసుపు చిల్లు దగ్గర ఆగకుండా దారులన్నీ మూసింది. నీళ్ళు తిరగడం లేదు, మరిగి మూత దగ్గర ఆవిరైపోతున్నాయి. ఇక నేల మీద చుక్క ఎట్లా కనపడుద్ది? ఇంజన్ విప్పేముందు నా పని నన్ను కడుక్కోనివ్వండి. రేపు సాయంత్రం దాకా చాలు."

చక్రధర్ కంప్యూటర్ మూసి పక్కన పెట్టాడు. "వేడి ఎంతో నా కంప్యూటర్ చెప్పింది గానీ ఈ ముక్క అది చెప్పలేదు. కడగండి, నేనూ ఓ చెయ్యి వేస్తాను" అన్నాడు. హైమావతి గారు స్టూలు ముందుకు జరుపుకుని, ఆయన చేతులు కనపడేలా కూర్చున్నారు.

కింది గొట్టం ఊడదీస్తే పచ్చటి బురద కారింది. వేడెక్కినప్పుడు తెరుచుకుని నీళ్ళను వదిలే చిన్న కవాటం ముద్ద పట్టి సగమే కదులుతోంది. దాన్ని మార్చారు. రేడియేటర్ విప్పి, వెనక నుంచి ముందుకు నీళ్ళు కొట్టి, తేటనీరు వచ్చేదాకా కడిగారు. పాత చిల్లుకు అతుకు వేసి, గొట్టాలు కొత్తవి బిగించారు. అవి నా దుకాణంవే. బుధవారం సాయంత్రం హైమావతి గారు కారును ఏలూరు రోడ్డెక్కించారు. చక్రధర్ కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. నలభై కిలోమీటర్లు పోయి, నలభై వచ్చారు. ముల్లు సగం దాటలేదు, నీళ్ళు గీత దిగలేదు.

ఆవిడ దిగి తాళాలు కాలేషా చేతికిచ్చారు. "రేపు లారీ మీరే ఎక్కించండి. ఇకముందు ఏం వేసినా నాతో చెప్పి వెయ్యండి" అన్నారు. ఆ తాళాలు ఆయన చేతిలో పడుతుంటే, ఎందుకు దాచాలి, ఆయన పక్క దుకాణంవాణ్ణి అయినందుకు నా ఛాతీ ఉప్పొంగింది.

ఆదివారం సాయంత్రం ఫోనొచ్చింది. రెండో స్థానం, ఏడాది కప్పు. మా వరుసంతా టపాకాయలు కాల్చారు, పాత చింతకాయ పచ్చడి అన్నవాడితో సహా.

మర్నాడు కూడా భూషణం మొహం మబ్బు పట్టే ఉంది. పని మధ్యలో ఆగి అన్నాడు: "నేను ఎవరి మీదికో తోసేస్తే మీరు మళ్ళీ మీ నెత్తినే వేసుకున్నారు. ఎవరు వేశారో చెప్పకుండా, కడిగి చూద్దామంటే సరిపోయేది గదా మేస్త్రిగారూ. అంత మంది ముందు నలభై ఏళ్ళ పేరు పోతే?"

కాలేషా పానా కింద పెట్టాడు.

"పోయినసారి ఆయమ్మ మూడోది వచ్చినప్పుడు, బండి ఎవరు బాగుచేశారని అడిగారు. నేనేం చెప్పాను?"

"నేనే చేశానన్నారు."

"మరి ఇప్పుడు అదే పనిని ఊరూ పేరూ లేనోడికి ఎట్లా ఇచ్చేస్తానురా?"