ఉయ్యాల తీసుకెళ్ళిన పైడమ్మ

పైడమ్మకి తమ ఇంటి తెలివి మీద మహా గర్వం. "ఊళ్ళోవాళ్ళు చెప్పింది సగం వింటారు, సగం సొంతంగా కలుపుతారు. మేమలా కాదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం" అనేది. మొగుడు అప్పలకొండ, తమ్ముడు సన్యాసి తలలూపేవారు. ఊపమని ఆవిడే ఓసారి చెప్పింది మరి.

కూతురికి మగపిల్లాడు పుట్టాడు. కొండల అవతల, ఏరు సముద్రంలో కలిసేచోట బారసాల. వియ్యపురాలు గవరమ్మ కబురంపింది: "అమ్మమ్మగారి ఉయ్యాల మధ్యాహ్నం పన్నెండులోగా రావాలి. దాటితే మా ఉయ్యాల్లోనే వేసేస్తాం. ఖాళీ ఉయ్యాల మాత్రం తేకూడదు."

మొదటి మనవడు! వాళ్ళ ఉయ్యాల్లో పడుకుంటే ఇంక పైడమ్మ తలెత్తుకోగలదా?

ఇంకెవరైనా అయితే అందులో గుప్పెడు బియ్యం వేస్తారు. "గుప్పెడేస్తే మిగతాదంతా ఖాళీయే కదా అప్పా!" అన్నాడు సన్యాసి అక్కతో. అంతే, రుబ్బురోలు ఎత్తి ఉయ్యాల్లో పెట్టారు.

ఆటో కొండదారి పట్టింది. ఓపక్క ఎర్రటి కొండ, ఓపక్క లోతుగా సముద్రం, తెల్లంచు నీలంచీర ఆరేసినట్టు. పైడమ్మ నోరు తెరిచి చూస్తూనే ఉంది. సగం ఎత్తులో ఆటో మూలిగింది.

"దిగి నడవండమ్మా, లేపోతే ఎక్కదు" అన్నాడు ఆటో అతను.

దిగి నడిచారు. ఆటో రోలుతో పాటు పైకెక్కి ఆగింది. వీళ్ళు దాన్ని దాటుకుని నడిచిపోయారు. అతను మైలుదూరం వెనకాలే హారన్ కొట్టుకుంటూ వచ్చాడు.

"ఎక్కరేటండీ!"

"నడవమన్నావు గానీ, మళ్ళీ ఎక్కమన్నావా బాబూ?" అంది పైడమ్మ, ఆయాసపడుతూ.

ఇంకేముంది, ఏరు దాటే రేవు చేరేసరికి పదకొండు దాటింది.

పడవతను చెంబిచ్చాడు. "అడుగున చిన్న చిల్లుంది. నీళ్ళు తోడతా ఉండండి."

అప్పలకొండ పడవలోకి చూశాడు. అరచెంబుడు నీళ్ళున్నాయి. బయటికి చూశాడు. బోలెడున్నాయి. "ఎక్కువున్నచోటే కదే తోడాలి?" అన్నాడు.

"నీకున్న బుర్ర ఎవరికుంది మావా!" అంది పైడమ్మ.

అంతే, సముద్రాన్ని తోడి పడవలో పోశాడు. చెంబు మీద చెంబు. తెడ్డేస్తున్న పడవతను వెనక్కి తిరిగేసరికి మోకాళ్ళదాకా నీళ్ళు.

"ఓలమ్మో! ఎవరు పొయ్యమన్నారు! బరువు పారెయ్యండి ముందు!"

ముగ్గురూ కలిసి రోలెత్తి నీళ్ళలో పడేశారు. పడవ తేలింది. పైడమ్మ గుండె మునిగింది. ఉయ్యాల ఖాళీ!

"తమ్ముడూ, ఎక్కు" అంది.

సన్యాసి సన్నటి మనిషి. మోకాళ్ళు గెడ్డానికి ఆనించి ఉయ్యాల్లో ముడుచుకున్నాడు. మీసాలొక్కటే బయటికున్నాయి.

పన్నెండుకి రెండు నిమిషాలుండగా ఉయ్యాల పందిట్లో దిగింది. కోడలు బాబుని అందులో వేసేసిందనుకుని గవరమ్మ వంటల దగ్గరనుంచే కేకేసింది: "వచ్చారా వదినా! ముహూర్తం దాటిపోతంది, పాటపాడి ఊపండి! ఉయ్యాల్లో ఉన్నవాడి చెవిలో మూడుసార్లు పేరు చెప్పేయ్, సింహాచలం అని!"

చెప్పింది చెప్పినట్టు చేసే ఇల్లు కదా. పైడమ్మ, అప్పలకొండ పాడుతూ ఊపారు. పైడమ్మ వంగి మూడుసార్లు చెప్పింది. సన్యాసి మూడుసార్లూ "ఊఁ" అన్నాడు.

లోపల కోడలి ఒళ్ళోనే ఉన్న మనవణ్ణెత్తుకుని గవరమ్మ హడావిడిగా వచ్చింది. ఉయ్యాలకేసి చూసింది. మీసాలు చూసింది.

"ఓలమ్మ! నా మనవడి పేరు ఈయనకి పెట్టేసేరా? మరి పిల్లడికేటి గతి?"

పైడమ్మకి కళ్ళనీళ్ళొచ్చాయి. మొదటిసారి తన తెలివి మీద తనకే అనుమానం వచ్చింది. మనవడి మొహం చూసింది. అంతలోనే బుర్ర వెలిగింది.

"కంగారుపడకు వదినా. సన్యాసి అన్న పేరు ఇప్పుడు ఎవరిదీ కాదు కదా. నలభయ్యేళ్ళు వాడినా ఎక్కడా చెక్కు చెదర్లేదు. దాన్ని బాబుకి పెట్టేయండి."