ఉప్పు లేని కిచిడీ

మీరావలి ఓడల వడ్రంగి. నాలుగేళ్ళ కిందట సముద్రం దాటి ఒక దూరదేశంలో పనికి కుదిరాడు. భార్యనూ, కూతురు జైతూన్‌నూ అక్కడికే తీసుకుపోయాడు. చంటివాడు అక్కడే పుట్టాడు. మీరావలి పనితనం చూసి ఆ దేశపు పెద్దలు, "ఇక్కడే స్థిరపడిపో. నీ పిల్లలు మా పిల్లలే అవుతారు" అన్నారు.

ఎవరైనా ఎగిరి గంతేసే మాట అది. మీరావలికి మాత్రం ఆ రోజునుంచి నిద్ర పట్టలేదు. చివరికి భార్యనూ చంటివాణ్ణీ అక్కడే ఉంచి, ఎనిమిదేళ్ళ జైతూన్‌ని వెంటబెట్టుకుని, తన గురువు ఖుర్షీద్ బాబాను అడుగుదామని ఓడెక్కి వచ్చాడు.

బాబా ఉండేది ఉప్పుమళ్ళ పక్కన. రోజూ మధ్యాహ్నం పెద్ద డేగిసాలో కిచిడీ వండి, మళ్ళలో పనిచేసేవాళ్ళకూ దారినపోయేవాళ్ళకూ స్వయంగా వడ్డిస్తారు. మీరావలి వెళ్ళేసరికి పొయ్యి ముందు కూర్చుని పప్పు కడుగుతున్నారు.

"ఎట్లా ఉందిరా ఆ దేశం?"

మీరావలి మొహం వెలిగింది. "ఏం చెప్పమంటారు బాబా. కొండల మీది నీళ్ళు మట్టిగొట్టాల్లో ప్రతి ఇంటికీ వస్తాయి. ఆడపిల్ల ఊరి ఈ చివరనుంచి ఆ చివరకు ఒంటరిగా నడిచిపోయినా వంకరగా చూసేవాడు లేడు. బడికి పోని పిల్ల లేదు. మన జైతూన్ సంగతి మీకు తెలుసు కదా. వాకిట్లో మేక నిలబడితే అది మేకో మనిషో పోల్చుకోలేకపోయేది. అక్కడి వైద్యులు కళ్ళు బాగుచేశారు. ఇప్పుడు ఒడ్డున నిలబడి తెరచాప మీద అతుకులు చూపిస్తుంది."

బాబా పప్పు పక్కన పెట్టి జైతూన్‌ను దగ్గరికి పిలిచారు. గడ్డం పట్టుకుని ఆ కళ్ళలోకి చాలాసేపు చూశారు.

"ఆ వైద్యుల చేతులు చల్లగా ఉండాలి" అన్నారు. తర్వాత మీరావలి వైపు తిరిగి, "ఆ గొట్టాలు అతుకుల దగ్గర కారవూ?" అని అడిగారు.

"కారవు బాబా. సున్నం, నూనె, పత్తి కలిపి నూరి మెత్తుతారు."

"వెళ్ళేలోపు మనవాళ్ళకు నేర్పు. ఇక్కడి ఆడవాళ్ళ నడుములు నీళ్ళు మోసే విరిగిపోతున్నాయి." డేగిసాలో పప్పు పోశారు. "అంత మంచి దేశమైతే మరి నన్ను అడగడానికి ఏముంది?"

మీరావలి కూతురి వైపు చూసి గొంతు తగ్గించాడు.

"మా పక్కింట్లో ఒక పంతులుగారు ఉండేవారు బాబా. ఆ గొట్టాలు వేసిన కూలీలంతా పరాయి దేశాలవాళ్ళు. పని అయిపోయినా వాళ్ళను ఇళ్ళకు పోనివ్వలేదు. అది తప్పని ఆయన బజార్లో నిలబడి అన్నాడు. తెల్లారేసరికి మనిషి లేడు. ఎవరిని అడిగినా 'ప్రయాణంలో ఉన్నారు' అంటారు. అక్కడ అదే మాట. కనిపించకుండా పోయిన వాళ్ళంతా ప్రయాణంలో ఉన్నట్టే. ఆయన చెప్పులు మాత్రం గుమ్మం దగ్గరే ఉన్నాయి."

బాబా పొయ్యిలోకి ఒక పుల్ల తోశారు.

"ఒకవైపు నా కూతురి కళ్ళు, ఒకవైపు ఆయన చెప్పులు. ఒక్కోరోజు ఒక్కోవైపు మొగ్గుతోంది మనసు. పిల్లల్ని అక్కడ పెంచనా, వద్దా? ఒక్క మాట చెప్పండి. ఎల్లుండే ఓడ."

"ముందు తినండి" అన్నారు బాబా.

మళ్ళలోంచి జనం వచ్చి వరసగా కూర్చున్నారు. బాబా వడ్డించుకుంటూ పోయారు. నూకరత్నం అనే ఆమె మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే మొహం చిట్లించింది.

"బాబా, మేం ఎండలో మాడి తీసిన ఉప్పంతా ఎక్కడికి పోయిందంట? సముద్రం పక్కన కూర్చోబెట్టి చప్పిడి తిండి పెడతారా?"

"నిన్న మాడు, ఇవాళ చప్పిడి" అన్నాడు పక్కనున్న ముసలాయన. "రేపేమిటో ముందే చెబితే ఇంటిదగ్గర తినొస్తాం."

"తిట్టండి, తిట్టండి" అని నవ్వుతూ బాబా ఇద్దరికీ ఇంకో గరిటె వేశారు.

జైతూన్ ఆ మాటలను నోరు తెరిచి వింటోంది. బాబా వచ్చి ఆ పిల్ల ముందు గొంతుకూర్చున్నారు.

"నీకెట్లా ఉంది తల్లీ?"

జైతూన్ ముద్ద మింగింది. వాకిలి వైపు చూసింది. వెనక్కి తిరిగి చూసింది. తర్వాత తండ్రి మొహం చూసింది.

"చాలా బాగుందండీ."

"ఉప్పు సరిపోయిందా?"

మళ్ళీ వాకిలి వైపు చూసింది. అక్కడ ఎండలో మెరిసే ఉప్పు కుప్పలు తప్ప ఎవరూ లేరు.

"సరిపోయిందండీ."

"ఎంత మర్యాదో చూడండి. మా పిల్లలైతే ఈపాటికి కంచం నా నెత్తిన పెట్టేవాళ్ళు" అంది నూకరత్నం.

అందరూ నవ్వారు. మీరావలి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తన కంచం వైపు చూసుకున్నాడు. అప్పటికే సగం తినేశాడు. ఒక్క మాటా అనకుండా.

బాబా ఉప్పు గిన్నె తెచ్చి తండ్రీకూతుళ్ళ మధ్య పెట్టారు.

"ఉప్పు లేదని నీ కూతురు చెప్పగలిగే చోట పెంచు. అది ఏ దేశమన్నది నన్నడక్కు."

మర్నాడంతా మీరావలి సున్నం, నూనె, పత్తి నూరుతూ, గొట్టాల అతుకు ఎలా మెత్తాలో ఊరివాళ్ళకు చూపించాడు. ఆ మర్నాడు కూతురితో తిరుగు ఓడెక్కాడు.

తీరం సన్నగా గీతలా మారింది. జైతూన్ అటూ ఇటూ చూసి తండ్రి చెవి దగ్గరికి వంగింది.

"నాన్నా, బాబాగారి కిచిడీలో ఉప్పు లేదు."

"అవును తల్లీ. అస్సలు లేదు" అన్నాడు మీరావలి, పక్కవాళ్ళకు వినిపించేటట్టు.

జైతూన్ ఉలిక్కిపడి చుట్టూ చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఒక నావికుడు తాడు చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు. పిల్ల ఈసారి గుసగుసగా కాకుండా అడిగింది.

"మరి పక్కింటి పంతులుగారు చెప్పులు లేకుండా ప్రయాణం ఎట్లా వెళ్ళారు?"

మీరావలికి ఆ దేశపు మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి కూతురి పక్కన కూర్చున్నాడు.

"వెళ్ళలేదమ్మా" అన్నాడు. "తీసుకుపోయారు."