ఉత్తరంలో పుట్టిన పిల్ల

మా మామగారు పరశురామయ్యగారు యానాంలో ముప్పై ఏళ్ళు ఫ్రెంచి చెప్పారు. ఎవరైనా సందేహం అడిగితే ముందు పుస్తకం మూసేసి, ఆ తర్వాతే మాట్లాడేవారు.

ఆ ఉదయం నేను పూజకు పూలు కడుతున్నాను. ఆయన శిష్యుడు భానుమూర్తి తాను తెనిగిస్తున్న ఫ్రెంచి నవల పట్టుకొచ్చాడు. ఆ రచయిత చిత్తుప్రతిలో ఒక మగవాడు మరో మగవాణ్ణి ప్రేమించిన కథే రాసుకున్నాడట. అచ్చుకిచ్చేటప్పుడు ప్రియుణ్ణి ప్రియురాలిగా మార్చేశాడట.

"ఆ దాపరికంలోనే కళంతా ఉందని పండితులంటున్నారు మాస్టారూ. నిజమేనంటారా?"

మామగారు పుస్తకం మూసేశారు.

"వయసులో ఉన్నప్పుడు నేను రేవు దగ్గర కూర్చుని చదువురానివాళ్ళకి ఉత్తరాలు రాసిపెట్టేవాణ్ణి. పడవ నడిపే పోలయ్య వచ్చాడోసారి. ఆ పడవ మీదే అతనితో పాటు పెరిగిన సింహాద్రి, సైగాన్‌లో ఫ్రెంచివాళ్ళ కొలువుకెళ్ళి, 'ఉండిపోనా, వచ్చెయ్యనా' అని రాశాడు. 'నువ్వు పక్కన లేకపోతే నాకు కంటిమీద కునుకు లేదు, నా కోసం వచ్చెయ్యి' అని రాయమన్నాడు పోలయ్య. ఒక మగవాడు ఇంకో మగవాడికి రాసే మాటలా ఇవి అనుకున్నాను. 'ఇక్కడొక పిల్ల నీ కోసం బెంగపెట్టుకుంది, వచ్చెయ్యి' అని రాశాను. రాసింది చదివి వినిపించడం మా రివాజు. కాగితం ఎదురుగా పట్టుకుని, అతను చెప్పిన మాటలే పైకి చదివాను. పోలయ్య కళ్ళు తుడుచుకుని వేలిముద్ర వేశాడు."

నా చేతిలో దండ ఆగిపోయింది. మామగారి గొంతు పెరిగింది.

"మూడు నెలలకు జవాబొచ్చింది. 'ఆ పిల్లకి వేరే సంబంధం చూడండి. నువ్వు రమ్మంటావేమోనని చూశాను. అనలేదు. ఇంక నేను రాను.' ఈసారి ఉన్నదున్నట్టు చదివాను. పోలయ్య నా మొహంలోకి చూసి, 'ఏ పిల్లండీ బాబూ?' అన్నాడు."

భానుమూర్తి, "వాళ్ళ పరువు కాపాడదామనే కదా మాస్టారూ మీరు..." అంటూ నసిగాడు.

"ఎవరి పరువయ్యా?" అని గద్దించి, మామగారు ఆ నవలను అతని వైపు నెట్టారు. "నేను రాసిన ఆ ఉత్తరం మాత్రం మహా నాజూగ్గా కుదిరింది. మీ పండితులు చూసుంటే మెచ్చుకునేవారు."