ఆరెపువ్వు కోసం అరిచిన రాజు

అనగనగా ఒక కొండ. ఆ కొండ కింద ఒక కోట. ఆ కోటలో కడుపు పట్టుకుని కూర్చున్న ఒక రాజు. ఆయన పేరు కేతభూపాలుడు.

రాజుగారికి రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. ఆ మాట బయటికి పొక్కితే సింహాసనం మీద ఏ ముఖం పెట్టుకుని కూర్చోవాలని ఆయన బెంగ.

కొండమీద బోడెమ్మ అనే అవ్వ మందులిచ్చేది. అక్కడొక ఆచారం ఉంది. ఏ మొక్క కోయాలన్నా, దాని ముందు నిలబడి ఎవరికి ఏ జబ్బో గట్టిగా అరిచి చెప్పాలి. తప్పు మొక్క దగ్గర నిలబడితే, చుట్టుపక్కల పుల్లలేరుకునేవాళ్లు విని సరిదిద్దుతారు.

"తలనొప్పని చెప్పు" అని రాజు మంత్రిని పంపాడు. బోడెమ్మ పట్టు వేయడానికి ఆకు ఇచ్చింది. నుదురు చల్లబడింది గాని కడుపు చల్లబడలేదు.

"మోకాలినొప్పని చెప్పు" అని సేనానిని పంపాడు. బోడెమ్మ ఇచ్చిన వేరు అరగదీసి మోకాళ్లకు రాశారు. రాజు ఆ మోకాళ్లతోనే రోజంతా పెరట్లోకి పరుగులు తీశాడు.

మర్నాటికి లేచి నిలబడే ఓపిక కూడా పోయింది.

రాణి ధారమ్మ మంచం పక్కన కూర్చుంది. "మీరు పోయాక మీ పరువు నేనూ పిల్లలూ ఏం చేసుకోవాలండీ?" అంది.

రాజు డోలీ తెమ్మన్నాడు.

బోయీలు కొండెక్కి ఒక పొద ముందు దింపారు. పుల్లలేరుకునేవాళ్లు తలలెత్తి చూస్తున్నారు. రాజు కళ్లు మూసుకున్నాడు.

"నాకే! మీ రాజుకే! రక్తవిరేచనాలు!"

ఎవరూ నవ్వలేదు. "అది కాదు దొరా! పక్కది, ఆరెపువ్వు! ఆ ఎర్రపూల పొద!" అని ఎవరో కేకేశారు.

బోడెమ్మ వచ్చి ఆ పూలు దూసి ఒడిలో వేసుకుంది. "వీటిని ఎండబెట్టి, పొడిచేసి, మజ్జిగలో కలిపి తాగాలి. ఇంట్లో నిరుటి పొడి ఉంది, ముందు అది తాగు."

అప్పుడు ముందు బోయీ గొంతు సవరించుకున్నాడు. "అవ్వా, నాక్కూడా కాస్త. దొరవారే మోకాలినొప్పంటుంటే నేనిదెలా చెప్పుకోనని ఊరుకున్నా."

"మా ఇంట్లో ఇద్దరికి" అన్నాడు వెనక బోయీ.

బోడెమ్మ రాజుకేసి చూసింది. "అందరూ తాగేది కోటలో బావి నీళ్లేగా? చెడింది ఆ బావి. నువ్వు మొదటిరోజే చెప్పుంటే, ఇంతమంది ఆ నీళ్లు తాగకపోదురు గదయ్యా!"

రాజు ఆ పూటే బావి తోడించాడు. పొడి తన ఇంటికంటే ముందు బోయీల ఇళ్లకు పంపాడు. వారం తిరిగేసరికి కోటంతా కోలుకుంది.

సిగ్గుపడి దాచిన జబ్బు పక్కవాడికీ పాకుతుంది; నోరు విప్పి చెప్పుకున్న జబ్బుకే మందు దొరుకుతుంది.